గుడ్డుకు ధర నిలిపిన బి.వి.రావు

భీమడోలు : ఏలూరు, తాడేపల్లిగూడెం నడుమ జాతీయ రహదారిపై అట్ట ట్రేలతో నిండిన గుడ్ల లారీలు కనిపించని రోజు ఉండదు. ఒడిశా, పశ్చిమ బెంగాల్, అసోం వైపు సాగే ఆ సరకుకు ఫారం వద్ద ఎంత పలుకుతుందో ఉదయమే పత్రికలో చూసుకోవడం గోదావరి జిల్లాల కోళ్ల రైతులకు అలవాటు. నెక్ ధరగా వ్యవహరించే ఆ అంకె వెనుక ఒక హైదరాబాదు వాసి పట్టుదల ఉంది. ఆయనే పద్మశ్రీ డాక్టర్ బండ వాసుదేవరావు. కోళ్ల పరిశ్రమకు బి.వి.రావుగా సుపరిచితులు.

1935లో జన్మించిన రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించారు. పుణె ఆ సంస్థకు ప్రధాన కేంద్రమైంది. అప్పటికి మన పల్లెల్లో కోడి అంటే పెరటి కోడే. ఏడాదికి అరవై, డెబ్బై గుడ్లు పెడితే గొప్ప. ఇంటికి చుట్టం వస్తేనో, బాలింతకు బలం కావాలంటేనో తప్ప గుడ్డు కంచంలోకి వచ్చేది కాదు. అమెరికాకు చెందిన బాబ్‌కాక్ జాతి ఆధారంగా రావు సంస్థ అందించిన బీవీ-300 రకం ఏడాదికి మూడు వందల గుడ్ల స్థాయికి చేరింది. దాణా, టీకాలు, పిల్లల సరఫరా ఒకే గొడుగు కిందకు రావడంతో రైతు ధైర్యంగా షెడ్లు వేశాడు.

దళారుల చేతిలో ధర

గుడ్లు పెరిగాయి గానీ రైతు చేతిలో డబ్బు పెరగలేదు. నిల్వ ఉంచలేని సరకు కావడంతో నగరాల్లోని వ్యాపారులు చెప్పిందే ధర అయింది. 1980వ దశకం ఆరంభంలో అది ఉత్పత్తి వ్యయం కంటే దిగువకు జారి అనేక ఫారాలు మూతపడ్డాయి. కోడిపిల్లలు అమ్ముకునే పెద్ద సంస్థ అధిపతిగా రావుకు రైతు నిలబడటం అవసరమే. ఆ స్వప్రయోజనాన్ని దాచవలసిన పని లేదు. అయితే ఆయన గదిలో కూర్చుని లేఖలు రాయలేదు. సహచర రైతులతో కలిసి దేశమంతా తిరిగి వందలాది సమావేశాలు నిర్వహించారు. తన గుడ్డుకు ధర నిర్ణయించుకునే హక్కు రైతుదేనని నచ్చజెప్పారు. ఫలితంగా 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. అదే నెక్. నాటి నుంచి ప్రాంతాలవారీగా ధర ప్రకటించడం మొదలైంది. నేటికీ ఆ పట్టికలో తూర్పు, పశ్చిమ గోదావరి పేర్లు విడివిడిగా కనిపిస్తాయి.

పచ్చసొనపై భయం

ధర నిలవాలంటే తినేవారు పెరగాలి. అక్కడే రావుకు అసలు అడ్డంకి ఎదురైంది. కొందరికి గుడ్డు మాంసాహారమన్న అభ్యంతరం. పుంజులు లేని ఫారంలో పెట్టిన గుడ్డు పిల్ల కాదని కమిటీ ప్రచారం చేసింది. చదువుకున్న వారిలో మరో భయం ఉండేది. అదే కొలెస్టరాల్.

ఆ భయానికి పాత చరిత్ర ఉంది. 1913లో రష్యా శాస్త్రవేత్త అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించగా వాటి రక్తనాళాలు పూడుకుపోయాయి. గడ్డి మేసే జీవి శరీరం ఆ పదార్థానికి అలవాటు పడినది కాదన్న సంగతి తర్వాత ప్రాధాన్యం సంతరించుకుంది. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్, వారానికి మూడు పచ్చసొనలు మించరాదని సూచించింది. ఒక్క గుడ్డులోనే సుమారు 180 నుంచి 200 మిల్లీగ్రాములు ఉంటుంది. అదంతా పచ్చసొనలోనే. ఈ లెక్క మన పట్టణాలకూ పాకింది. తెల్లసొన తిని పచ్చసొన పారవేయడం ఆరోగ్య సూత్రమైంది. విటమిన్ ఎ, డి, బి12 వంటివి ఉన్నదీ ఆ పారవేసిన భాగంలోనే.

ఆదివారమైనా సోమవారమైనా రోజూ గుడ్డు తినాలన్న హిందీ ప్రచారగీతం టీవీలో మార్మోగడంతో కమిటీ పేరు ఇంటింటికీ చేరింది. గుడ్లు అమ్మేవారే గుడ్డు మంచిదంటే నమ్మేదెట్లా అన్న ప్రశ్న సహజం. ప్రకటన వైద్య ప్రమాణం కాదు. రక్తంలోని కొలెస్టరాల్‌లో అధికభాగం కాలేయమే తయారు చేస్తుందని, ఆహారం ద్వారా ఎక్కువ అందితే చాలామందిలో ఆ తయారీ తగ్గుతుందని, నెయ్యి, వెన్న వంటి సంతృప్త కొవ్వుల ప్రభావమే అధికమని క్రమంగా వెల్లడైంది. 2015లో అమెరికా ఆహార మార్గదర్శకాలు 300 మిల్లీగ్రాముల పరిమితిని తొలగించాయి. ఆరోగ్యవంతులు రోజుకో గుడ్డు తినవచ్చని 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా పత్రం పేర్కొంది. మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని సలహా మేరకే నడచుకోవాలి. నూనెలో తేలే ఆమ్లెట్‌కు ఈ మినహాయింపు వర్తించదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ మార్పు చూడటానికి రావు లేరు. 1990లో పద్మశ్రీ అందుకున్న ఆయన 1996లో కన్నుమూశారు. కుమార్తె అనురాధా దేశాయ్ సంస్థ పగ్గాలు చేపట్టారు. పుణె సమీపంలో కోళ్ల పెంపకంపై శిక్షణ ఇచ్చే సంస్థ ఆయన పేరిట వెలసింది. 2025 ఫిబ్రవరిలో భీమడోలు పొరుగునే ఉన్న ఉంగుటూరు మండలం బాదంపూడిలో బర్డ్‌ఫ్లూ వెలుగుచూసినప్పుడు గుడ్డు తినవచ్చా అన్న సందేహం ఇక్కడి వారిని మరోమారు పట్టుకుంది. ఈసారి కారణం కొలెస్టరాల్ కాదు.