హిస్టోన్లను వెలికితీసిన ఆల్బ్రెక్ట్ కోసెల్

మానవ శరీరంలోని ఒక్కో కణంలో ఉన్న డీఎన్‌ఏను తిన్నగా సాగదీస్తే దాదాపు 2 మీటర్ల పొడవు ఉంటుంది. అది ఇమడవలసిన కేంద్రకం వ్యాసం మాత్రం మిల్లీమీటరులో నూరో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంతటి పోగు చిక్కుపడకుండా చుట్టుకోవడానికి, కణ విభజనకు ముందు నకలు తయారయ్యే వేళ సవ్యంగా విప్పుకోవడానికి హిస్టోన్లు అనే ప్రొటీన్లు ఆధారం. వాటిని తొలిసారి వేరుచేసి చూపిన శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ కోసెల్. డీఎన్‌ఏ అక్షరాలుగా చెప్పుకునే నాలుగు క్షారాలలో మూడు ఆయన ప్రయోగశాలలోనే వెలుగు చూశాయి. 1910లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన ఈ జర్మన్ పరిశోధకుడి పేరు నేటి పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. ఆయన కనుగొన్న ప్రొటీన్ల ప్రాముఖ్యం కూడా ఆయన మరణించిన చాలా కాలానికి గాని బయటపడలేదు.

మొక్కల నుంచి రసాయనశాస్త్రానికి

కోసెల్ 1853 సెప్టెంబరు 16న బాల్టిక్ సముద్ర తీరంలోని రోస్టాక్ రేవు పట్టణంలో జన్మించారు. తండ్రి వర్తకుడు, ప్రష్యా రాజ్యానికి కాన్సల్. బాల్యం నుంచి కోసెల్‌కు వృక్షశాస్త్రంపై మక్కువ. అయితే జీవనోపాధికి భరోసా ఉండే చదువు కావాలని తండ్రి కోరడంతో 1872లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు. నేడు ఫ్రాన్స్‌లో ఉన్న ఆ నగరం అప్పట్లో జర్మన్ సామ్రాజ్యంలో భాగం. అక్కడ వృక్షశాస్త్రవేత్త అంటోన్ డి బారీ ఉపన్యాసాలు వింటూ తన ఇష్టాన్ని నిలుపుకున్నారు. కానీ ఆయన జీవితానికి దారి చూపినది ఫెలిక్స్ హోప్పె-జైలర్ బోధించిన జీవరసాయనశాస్త్రం. రోస్టాక్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1877లో హోప్పె-జైలర్ వద్దనే సహాయకుడిగా చేరారు.

ఆ గురువు ప్రయోగశాలకు అప్పటికే ఒక చరిత్ర ఉంది. 1869లో ట్యూబింగెన్‌లో హోప్పె-జైలర్ వద్ద పనిచేసిన స్విస్ యువ వైద్యుడు ఫ్రెడరిక్ మీషర్, శస్త్రచికిత్స రోగుల కట్లకు అంటిన చీములోని కణాల నుంచి కొత్త పదార్థాన్ని వేరుచేశారు. ఫాస్ఫరస్ అధికంగా ఉన్న ఆ పదార్థానికి న్యూక్లిన్ అని పేరు పెట్టారు. అది ఒకే పదార్థమా, అనేక పదార్థాల మిశ్రమమా, కణానికి దానితో ఏమి పని అన్నవి తేలని ప్రశ్నలుగా మిగిలాయి. కోసెల్ వాటినే తన పరిశోధనాంశంగా స్వీకరించారు.

ముందుగా ఆయన న్యూక్లిన్ పాత్రను పరిశీలించారు. అది కణం దాచుకున్న ఆహారమూ కాదు, కండరాలకు శక్తినిచ్చే ఇంధనమూ కాదని, కొత్త కణజాలం ఏర్పడటంతోనే దానికి సంబంధం ఉందని 1880ల ఆరంభంలో అభిప్రాయపడ్డారు. కేంద్రకంలోని పదార్థాన్ని పెరుగుదలతో ముడిపెట్టిన తొలి రసాయన పరిశీలనలలో ఇది ఒకటి. కణ విభజనకు ముందు డీఎన్‌ఏ రెట్టింపు అవుతుందని శాస్త్రలోకం గ్రహించడానికి ఇంకా అనేక దశాబ్దాలు పట్టింది.

పక్షి రక్తంలో దొరికిన ప్రొటీన్

1883లో కోసెల్ బెర్లిన్ వెళ్లి, ఎమిల్ డ్యూబోయ్-రేమాండ్ నడిపిన శరీరధర్మశాస్త్ర సంస్థలో రసాయన విభాగం బాధ్యతలు చేపట్టారు. మరుసటి ఏడాదే ఆయన పేరు నిలిపిన ప్రయోగం జరిగింది. మనిషి ఎర్ర రక్తకణాలు పరిపక్వమయ్యేసరికి కేంద్రకాన్ని కోల్పోతాయి. పక్షుల ఎర్ర రక్తకణాలలో అది అలాగే ఉంటుంది. అందుకే కేంద్రకాలు పెద్ద మొత్తంలో కావలసిన పరిశోధకుడికి పక్షి రక్తం అనువైన ముడిసరుకు. కోసెల్ గూస్ అనే పెద్దబాతు రక్తం నుంచి కేంద్రకాలను వేరుచేసి, వాటిని పలుచని ఆమ్లంతో శుద్ధి చేశారు. న్యూక్లిన్ నుంచి విడివడి ఆమ్లంలో కరిగిన భాగం ప్రొటీన్ అని తేలింది. దానికి ఆయన హిస్టోన్ అని పేరు పెట్టారు.

దాదాపు అదే కాలంలో వాల్టర్ ఫ్లెమింగ్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త సూక్ష్మదర్శిని కింద రంగును గాఢంగా పీల్చుకునే కేంద్రక పదార్థాన్ని చూసి క్రోమాటిన్ అన్నారు. కంటికి క్రోమాటిన్‌గా కనిపించినదానిలో ఒక ముఖ్యభాగం ఏమిటో కోసెల్ రసాయనశాస్త్రం చెప్పింది. ఆమ్ల స్వభావం గల డీఎన్‌ఏ, క్షార స్వభావం గల హిస్టోన్ పరస్పర ఆకర్షణతో కలిసి ఉన్న సముదాయమే క్రోమాటిన్.

ఆ తరువాత న్యూక్లిక్ ఆమ్లాన్ని విడగొట్టే పని మొదలైంది. 1885లో ఎద్దు క్లోమగ్రంథి నుంచి అడెనిన్‌ను వేరుచేశారు. గ్రంథి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికా పేరు వచ్చింది. ఆల్బర్ట్ నాయ్‌మన్‌తో కలిసి దూడ థైమస్ గ్రంథి నుంచి 1893లో థైమిన్‌ను, మరుసటి ఏడాది సైటోసిన్‌ను కనుగొన్నారు. నాలుగో క్షారమైన గ్వానిన్ సముద్రపక్షుల రెట్టలో అంతకుముందే దొరికింది. అది న్యూక్లిక్ ఆమ్లంలో భాగమని రుజువు చేసిన ఘనత కోసెల్‌దే. ఆర్‌ఎన్‌ఏలో ఉండే యురాసిల్‌ను కూడా 1900లో ఆయన ప్రయోగశాలలోనే ఆల్బర్టో ఆస్కోలి గుర్తించారు. ఈ కృషి మధ్యనే 1888లో తేయాకు నుంచి థియోఫిలిన్‌ను వేరుచేశారు. తరువాతి కాలంలో అది ఉబ్బసం రోగులకు మందుగా ఉపయోగపడింది.

మార్బర్గ్, హైడల్‌బర్గ్ సంవత్సరాలు

1895లో మార్బర్గ్‌లో, 1901లో హైడల్‌బర్గ్‌లో కోసెల్ శరీరధర్మశాస్త్ర ఆచార్య పదవి చేపట్టారు. ఇక్కడ ఆయన దృష్టి ప్రొటీన్ల వైపు మళ్లింది. చేపల శుక్రకణాలలోని ప్రొటమిన్లను పరిశీలించి, వాటిలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం అత్యధికంగా ఉన్నట్లు తేల్చారు. 1896లో హిస్టిడిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని కనుగొన్నారు. మానవ శుక్రకణాలలోనూ హిస్టోన్లలో అధికభాగం తొలగి ప్రొటమిన్లు ఆ స్థానంలోకి వస్తాయని తరువాత తేలింది. ఇన్సులిన్ ప్రభావం ఎక్కువసేపు నిలిచేలా దానికి ప్రొటమిన్ జోడించే పద్ధతి 1936లో డెన్మార్క్‌లో వచ్చింది. గుండె శస్త్రచికిత్సల అనంతరం హెపారిన్ ప్రభావాన్ని ఆపడానికి వైద్యులు నేటికీ ప్రొటమిన్‌నే వాడుతున్నారు.

1886లో లూయిజా హోల్ట్స్‌మన్‌ను వివాహం చేసుకున్న కోసెల్ 1913లో ఆమెను కోల్పోయారు. కుమారుడు వాల్టర్ కోసెల్ భౌతికశాస్త్రవేత్తగా, అయానిక బంధ సిద్ధాంతకర్తగా పేరు పొందారు. తండ్రి స్వభావరీత్యా మితభాషి, ప్రచారానికి దూరం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రజలకు అందుతున్న ఆహారం చాలినంత ఉందని ప్రకటించమని అధికారులు కోరగా, తాను నమ్మని మాటకు పేరు ఇవ్వడానికి ఆయన అంగీకరించలేదు. 1924లో పదవీ విరమణ చేసినా పరిశోధన మానలేదు. 1927 జులై 5న హైడల్‌బర్గ్‌లో కన్నుమూశారు. ప్రొటమిన్లు, హిస్టోన్లపై ఆయన రాసిన గ్రంథం మరుసటి ఏడాది ఆంగ్లంలో వెలువడింది.

మరుగున పడి, మళ్లీ వెలుగులోకి

కోసెల్ వేరుచేసిన రెండు భాగాలకూ తరువాతి కాలంలో విచిత్రమైన గతి పట్టింది. నాలుగే క్షారాలున్న న్యూక్లిక్ ఆమ్లం వంశపారంపర్య సమాచారాన్ని మోయలేనంత సాదాసీదా పదార్థమని, ఆ పని ప్రొటీన్లదేనని ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావించారు. 1944లో ఆస్వాల్డ్ ఏవరీ బృందం ప్రయోగాలు, 1953లో డీఎన్‌ఏ జంటసర్పిల నిర్మాణం ఆ అభిప్రాయాన్ని తారుమారు చేశాయి. అప్పుడు నిర్లక్ష్యం హిస్టోన్ల వంతైంది. డీఎన్‌ఏను చుట్టిపెట్టే సామగ్రి మాత్రమేనని వాటిని చాలామంది పక్కనపెట్టారు.

ఆ అంచనా కూడా నిలవలేదు. హిస్టోన్లకు ఎసిటైల్ సమూహం చేరడానికి, జన్యువులు పనిచేయడానికి సంబంధం ఉండవచ్చని 1964లో విన్సెంట్ ఆల్‌ఫ్రే సూచించారు. ఎనిమిది హిస్టోన్ అణువుల చుట్టూ డీఎన్‌ఏ చుట్టుకుని పూసలాంటి న్యూక్లియోసోమ్ ఏర్పడుతుందని 1974లో రోజర్ కార్న్‌బర్గ్ ప్రతిపాదించారు. డీఎన్‌ఏకు నకలు తీసే పాలిమరేజ్ ఎంజైమును కనుగొన్న ఆర్థర్ కార్న్‌బర్గ్ ఆయన తండ్రి. ఒక్కో పూసలో డీఎన్‌ఏ 147 క్షార జతల మేర బిగిసి ఉంటుంది. మానవ కణంలో ఇలాంటి పూసలు కోట్ల సంఖ్యలో ఉంటాయి.

కణం రెండుగా చీలే ముందు ఈ నిర్మాణమంతా విడివడి, నకలు తయారవుతూనే తిరిగి కుదురుకోవాలి. నకలు మొదలయ్యే చోటును ఓఆర్‌సీ అనే ప్రొటీన్ల సముదాయం గుర్తిస్తుంది. ఎంసీఎం సముదాయం జంటపోగులను విప్పుతుంది. దారిలోని హిస్టోన్లు తొలగి, కొత్తగా ఏర్పడిన రెండు పోగులకు పంపిణీ అవుతాయి. సంఖ్య సగమవుతుంది కనుక మిగతా సగం కొత్త హిస్టోన్లతో భర్తీ కావాలి. వాటిని తెచ్చి అమర్చే సీఏఎఫ్-1 అనే ప్రొటీన్‌ను 1989లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మానవ కణాల నుంచే వేరుచేశారు. పాత హిస్టోన్లు తమపై ఉన్న రసాయన గుర్తులతో సహా కొత్త పోగులకు చేరుతాయి. కాలేయ కణం విభజన తరువాతా కాలేయ కణంగానే మిగలడంలో ఈ గుర్తులకు పాత్ర ఉంది.

ఈ క్రమం తప్పితే ఫలితం తీవ్రంగా ఉంటుంది. పిల్లలకు వచ్చే కొన్ని ప్రాణాంతక మెదడు కణితులలో హిస్టోన్ హెచ్3 జన్యువే మార్పు చెంది ఉన్నట్లు 2012లో బయటపడింది. హిస్టోన్ల నుంచి ఎసిటైల్ సమూహాన్ని తొలగించే ఎంజైములను అడ్డుకునే వోరినోస్టాట్ అనే మందుకు, చర్మానికి సోకే ఒక రకం లింఫోమా చికిత్స కోసం 2006లో అమెరికాలో అనుమతి లభించింది. ఆ వరుసలో మరికొన్ని మందులు వచ్చాయి.

కోసెల్ పుట్టిన రోస్టాక్‌లోని విశ్వవిద్యాలయంలో నాడీకణాల పునరుజ్జీవనంపై పరిశోధించే సంస్థకు ఆయన పేరు పెట్టారు. ఆయన వద్ద ఉన్న పరికరాలతో కేంద్రకాన్ని దాని భాగాలుగా విడగొట్టడమే సాధ్యమైంది. ఆ భాగాలు కలిసి ఎలా పనిచేస్తాయో తేల్చే పని తరువాతి తరాలకు మిగిలింది. క్యాన్సర్ చికిత్సల నుంచి వార్ధక్య పరిశోధన వరకు ఆ పని ఇంకా సాగుతూనే ఉంది.