డ్రిల్లు మాస్టారు తెచ్చిన బంగారం: ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితం

1962 సెప్టెంబరు 4. జకార్తాలోని సెనాయన్ స్టేడియంలో సుమారు లక్షమంది ప్రేక్షకులు కిక్కిరిసి ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుదిపోరుకు భారత జట్టు మైదానంలో అడుగుపెట్టగానే నలువైపుల నుంచీ ఈలలు, కేకలు చెలరేగాయి. అవి స్వాగత ధ్వనులు కావు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఆతిథ్య దేశం ప్రవేశం నిరాకరించడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ బహిరంగంగా తప్పుపట్టారు. ఆ ఆగ్రహం భారత రాయబార కార్యాలయంపై దాడి వరకు వెళ్లింది. ఆనాడు మైదానంలో దిగిన పదకొండు మందికి వచ్చినదీ ఆ కోపంలో ఒక వంతే.

మైదానం పక్కన కూర్చున్న శిక్షకుడు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఆయన వయసు 53 ఏళ్లు. ఎదుట ఉన్న దక్షిణ కొరియా అదే పోటీల తొలి మ్యాచ్‌లో భారత్‌ను 2-0తో ఓడించిన జట్టు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ ఆయనను రహీమ్ సాబ్ అని పిలుచుకుంది. భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగానికి రూపశిల్పిగా దేశం స్మరించుకునే ఈయన వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన గొప్పతనానికి మూలం ఆ బడిపంతులు జీవితంలోనే ఉంది.

బడి నుంచి మైదానానికి

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. నిజాం పాలనలోని ఆ నగరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయన పుట్టిన తరువాతే ఆరంభమైంది. రహీమ్ అక్కడే పట్టభద్రులయ్యారు. 1920ల చివర విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఆడి మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. అనంతరం విశ్వవిద్యాలయ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి నడిపిన ఎలెవెన్ హంటర్స్ జట్టులోనూ ఆడారు.

చదువు ముగిశాక ఆయన ఎంచుకున్నది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఆయన పనిచేసిన పాఠశాలలు ఇవి. వీటిలో దారుల్ ఉలూమ్ 19వ శతాబ్దంలో మొదటి సాలార్ జంగ్ నెలకొల్పిన విద్యాసంస్థ. మధ్యలో రహీమ్ వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేశారు. ఆ తరువాత దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో ఆటల బాధ్యత ఆయన చేతికి వచ్చింది. తెలుగునాట పిల్లలు డ్రిల్లు మాస్టారని పిలిచే కొలువు అది.

ఆ కొలువే ఆయనకు ప్రయోగశాల అయింది. బడిలో ఆటగాళ్లను ఏరుకునే అవకాశం ఉపాధ్యాయుడికి ఉండదు. వచ్చిన పిల్లలతోనే జట్టు కట్టాలి. బూట్లు లేనివారు, కడుపునిండా తిండి లేనివారు, నిలకడ లేనివారు ఆ జట్టులో ఉంటారు. బలంలో తమను మించినవారిని ఎదుర్కోవలసి వచ్చినప్పుడు తెలివి, వేగం, పరస్పర అవగాహన తప్ప వారికి వేరే ఆయుధం లేదు. తరువాతి కాలంలో భారత జట్టు యూరప్ జట్లను ఎదుర్కొన్న తీరుకు బీజం ఇక్కడే పడింది.

హైదరాబాద్ పద్ధతి

1940ల ఆరంభంలో రహీమ్ హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత చేపట్టి, మరణించే వరకు అందులో కొనసాగారు. నగరంలో పోటీల నిర్వహణను గాడిన పెట్టడంతోపాటు పిల్లల కోసం కొన్ని వింత పోటీలు ప్రవేశపెట్టారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతిని కాలి దగ్గర అట్టేపెట్టుకుని ఒంటరిగా ముందుకు దూసుకుపోవడానికి వీల్లేదు, వెంటనే సహచరుడికి అందించాలి. మరో పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలి వాటం పిల్లవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం వాడు కుడికాలితో ఆడవలసిందే.

చూసేవారికి ఇది వినోదంలా తోచినా దాని వెనుక స్పష్టమైన ఆలోచన ఉంది. ఆ రోజుల్లో భారతీయ ఫుట్‌బాల్‌లో ఒంటరి విన్యాసానికే చప్పట్లు ఎక్కువ. రహీమ్ దృష్టిలో మనిషి కంటే బంతి వేగంగా పరుగెత్తాలి. రెండు కాళ్లూ సమానంగా పనిచేసే ఆటగాడికి ఆలోచించుకోవడానికి ఒక క్షణం అదనంగా దొరుకుతుంది. ఆ ఒక్క క్షణం కోసమే అంత సాధన.

హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన కొద్దికాలానికే, 1950లో, ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షకుడయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలోని రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కాలంలోనే, అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్‌ను 4 సార్లు సాధించింది. కలకత్తా మహాజట్లదే రాజ్యమనుకుంటున్న కాలంలో దక్కను నుంచి వెళ్లిన పోలీసు ఉద్యోగులు ఈ ఘనత సాధించారు. పేద కుటుంబాల యువకులకు ఆ జట్టులో చోటు అంటే స్థిరమైన జీతం కూడా. బడి మైదానంలో మొదలైన దారి ఒక ఉద్యోగం వరకు చేరడం వల్లనే ఆనాడు తల్లిదండ్రులు పిల్లలను ఆటకు పంపగలిగారు.

విజయం, పరాభవం, పాఠం

1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలో రహీమ్ తీర్చిదిద్దిన భారత జట్టు తుదిపోరులో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ ఒక్క గోల్ సాహు మేవాలాల్ చేశారు.

మరుసటి ఏడాదే పరాభవం ఎదురైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1తో ఓడిపోయింది. మన ఆటగాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడారు. ఉత్తర యూరప్ చలిలో, తడి గడ్డి మీద ఆ అలవాటు పనికిరాలేదు. ఆ ఓటమి తరువాత దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీమ్ తన పాఠం తాను నేర్చుకున్నారు. ఇద్దరు రక్షకులతో ఆడే పాత పద్ధతికి కాలం చెల్లిందని గ్రహించి, ముగ్గురు రక్షకుల వ్యూహాన్ని తన జట్లకు నేర్పారు. ఓటమికి వాతావరణాన్నో అదృష్టాన్నో నిందించి ఊరుకోకుండా, ఆట పద్ధతినే మార్చుకోవడం ఆయన ప్రత్యేకత.

ఆ మార్పు ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించింది. సరిగ్గా నెల తరువాత, డిసెంబరు 1న, ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు అదే. సెమీఫైనల్‌లో యుగోస్లావియాపై మొదట గోల్ చేసినది కూడా భారతే. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ల కిందట పది గోల్స్ సమర్పించుకున్న జట్టు అదే ప్రత్యర్థితో చాలాసేపు సమఉజ్జీగా పోరాడింది. కాంస్య పతకం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలవడంతో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫిఖరుద్దీన్, తులసీదాస్ బలరామ్ వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ యువకులు ఆ జట్టులో ఉన్నారు.

వీరిలో బలరామ్ కథ రహీమ్ స్వభావాన్ని తేటతెల్లం చేస్తుంది. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడకు చెందిన ఆ కుర్రవాడిలోని ప్రతిభను రహీమ్ ముందే గుర్తించారు. కానీ సాధన కోసం రోజూ నగరానికి రావడానికి ఆ ఇంట్లో డబ్బు లేదు. అద్దె సైకిలుకు కావలసిన పైకం రహీమ్ తన జేబులోంచి ఇచ్చేవారని బలరామ్ తరువాత ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నారు. బలరామ్ కాలక్రమంలో చుని గోస్వామి, పి.కె. బెనర్జీలతో సమానంగా నిలిచి, దేశం చూసిన అత్యుత్తమ ఫార్వర్డ్‌లలో ఒకరయ్యారు. ఆ రోజు సైకిలు అద్దె దొరకకపోతే ఆ పేరు ఎవరికీ తెలిసేది కాదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచింది. హంగరీ చేతిలో 2-1తో, పెరూ చేతిలో 3-1తో ఓడినప్పటికీ ఆట తీరుకు ప్రశంసలు దక్కాయి. రహీమ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ ఆ బృందంలో సభ్యులు. ఆ తరువాత ఇప్పటివరకు భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో అడుగుపెట్టలేదు.

జకార్తా

1962 ఆసియా క్రీడలకు బయలుదేరేనాటికి రహీమ్ ఆరోగ్యం క్షీణిస్తోంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో ఓటమి ఎదురైంది. తరువాత థాయ్‌లాండ్‌పై 4-1తో, జపాన్‌పై 2-0తో భారత్ గెలిచింది. అయితే థాయ్‌లాండ్‌తో ఆటలో రక్షణవరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో మంచం పట్టారు.

ఇక్కడ రహీమ్ తీసుకున్న నిర్ణయం ఎవరూ ఊహించనిది. గాయపడ్డ రక్షకుడిని పక్కన కూర్చోబెట్టకుండా ముందు వరుసలోకి పంపి గోల్స్ చేసే బాధ్యత అప్పగించారు. కళాశాల రోజుల్లో జర్నైల్ ఫార్వర్డ్‌గా ఆడిన సంగతిని ఆయన మరచిపోలేదు. శిష్యుడి పాత పాఠం కూడా గుర్తుంచుకునే ఉపాధ్యాయుడి అలవాటు అది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3-2 విజయంలో జర్నైల్ ఒక గోల్ చేశారు.

తుదిపోరు ముందు రహీమ్ ఆటగాళ్లను దగ్గరకు పిలిచి, బంగారు పతకాన్ని తనకు కానుకగా ఇవ్వమని అడిగారని ఆ జట్టు సభ్యులు అనంతర కాలంలో చెప్పారు. మరునాడు కోలుకున్న తంగరాజ్‌ను గోల్ ముందు నిలబెట్టారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో తలకు కట్టుతోనే జర్నైల్ సింగ్ గోల్ చేశారు. దక్షిణ కొరియా చివర్లో ఒక గోల్ తిరిగి సాధించింది. 2-1తో ఆట ముగిసేసరికి భారత్ రెండోసారి ఆసియా విజేత అయింది. ప్రేక్షకుల ఈలల మధ్య ఆడిన ఆ బృందంలో బలరామ్, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ వంటి రహీమ్ శిష్యులు ఉన్నారు.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న, రహీమ్ కన్నుమూశారు.

ఆయన తరువాత

రహీమ్ వేసిన పునాది మరికొన్నేళ్లు నిలిచింది. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానం సాధించింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం దక్కింది. ఆ తరువాత పతనం వేగంగా సాగింది. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం రాలేదు. జాతీయ జట్టుకు డజన్లకొద్దీ ఆటగాళ్లను అందించిన హైదరాబాద్ క్రమంగా ఆ పటం నుంచే చెరిగిపోయింది.

ఈ పతనానికి పాలకవర్గ వివాదాలు, క్రికెట్ ఆకర్షణ వంటి కారణాలు చెబుతారు. అవి నిజమే. అయితే రహీమ్ జీవితం మరో కారణాన్ని సూచిస్తుంది. ఆయన నిర్మించినది కేవలం ఒక జట్టు కాదు, ఒక వరుస. బడిలో మాస్టారు, పేటలో పోటీ, నగరంలో సంఘం, చివర పోలీసు జట్టులో ఉద్యోగం. ఆ వరుసలో మొదటి మెట్టు బడి మైదానం. పాఠశాలల్లో ఆట స్థలాలు కుంచించుకుపోయి, వ్యాయామ ఉపాధ్యాయుల కొలువులు ఖాళీగా మిగిలిన చోట పై మెట్లకు ఎక్కేవారే ఉండరు.

రహీమ్ జీవితం ఆధారంగా 2024లో హిందీలో మైదాన్ చిత్రం విడుదలయ్యాక కొత్త తరానికి ఆయన పేరు తెలిసింది. ఆయన పద్ధతి మాత్రం పేరంత సులభంగా తిరిగి రాదు. అందుకు పెద్ద స్టేడియం అవసరం లేదన్నది నిజం. ఒక బంతి, కాస్త ఖాళీ స్థలం, పిల్లల బలహీనమైన కాలిని కూడా గమనించే ఒక ఉపాధ్యాయుడు ఉంటే చాలు. హైదరాబాద్ పాతబస్తీ పిల్లలకైనా, బతుకుతెరువు కోసం వలస వెళ్లిన తెలుగు కార్మిక కుటుంబాలుండే సూరత్‌లోని పాండేసర పిల్లలకైనా ఆ అవసరం ఒకటే. అమ్ముగూడ కుర్రవాడికి సైకిలు అద్దె ఇచ్చిన చేయి ఒక డ్రిల్లు మాస్టారిది. అలాంటి మాస్టారికి ప్రతి బడిలో చోటు ఉన్నదా లేదా అన్నదే ఆయన వదిలివెళ్లిన ప్రశ్న.