రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారు – విద్యార్థులకు పెద్దదిక్కు

మన సంఘీయులెల్లరు వార్షిక మహాసభకై ఒక్కచోట గూడిన యీ శుభసమయమున, కీర్తిశేషులు రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారి చరిత్రమును సంగ్రహముగా స్మరించుట మా విధియని తలంచుచున్నాము. వారి పదవులను, బిరుదులను అందరు నెరుగుదురు. బాలుడు పురుషుడగు సంధికాలమున నిలువనీడయు, చేయిపట్టి నడపు పెద్దయు నెంత యవసరమో వారు గ్రహించిన తీరును జెప్పుటయే మా యుద్దేశము.

వేంకటరామారెడ్డిగారు 1869వ సంవత్సరమున పాలమూరు సీమలోని వనపర్తి సంస్థానమునకు జెందిన రాయణిపేటలో జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రుల గోల్పోయి అమ్మమ్మగారి పోషణమున బెరిగిరి. పోలీసుశాఖలో నుద్యోగియైన మేనమామగారు వారికి కొంతకాలము దిక్కయ్యెను. ఆయనయు గతించిన పిమ్మట, ఆయన స్నేహితుడగు నొక మహమ్మదీయోద్యోగి యీ యువకుని విడిచిపెట్టక, 1886లో రాయచూరు ప్రాంతమున అమీను పని యిప్పించెను. అప్పటికి వారి వయస్సు పదునేడేండ్లకు మించలేదు. ఆ యొక్క యాదరువు దొరకకున్నచో ఆ యనాథబాలుని గతి యేమై యుండెడిదో మన మూహింపవచ్చును. కష్టకాలమున నాదుకొన్నది కులమును, మతమును జూడని మైత్రి యని మనము మరువరాదు.

అమీను పదవినుండి మెట్టుమెట్టుగా నెక్కి, 1920లో వారు హైదరాబాదు నగరమునకు కొత్వాలైరి. 1934 వరకు పదునాలుగేండ్లు ఆ భారమును వహించిరి. అయినను, కొత్వాలు పదవికి రెండేండ్లు ముందుగనే, 1918లో, వారి పూనికచే రెడ్డి హాస్టలు వెలసినది.

ఆనాటి స్థితి నించుక తెలిసికొనవలయును. నిజాము రాజ్యపు ప్రజలలో నించుమించు సగము మంది తెలుగువారైనను, రాజభాషయు, విద్యాభాషయు ఉర్దూయే. పల్లెలలో వీధిబడికి మించిన చదువరుదు. పై చదువు గోరు బాలుడు నగరమునకు రావలయును. వచ్చినచో భాష కొత్త, మనుషులు కొత్త. అన్నము పెట్టువారెవరు? జ్వరము వచ్చినచో జూచువారెవరు? పరీక్ష తప్పినచో ధైర్యము చెప్పువారెవరు? తెలివిగల పిల్లలెందరో యీ ప్రశ్నలకు సమాధానము లేకయే చదువు మాని యింటిదారి పట్టుచుండిరి. కొరత బుద్ధిలో గాక ఆశ్రయములో నున్నదని రెడ్డిగారు గుర్తించిరి. సంపన్నులను, పలుకుబడిగలవారిని ప్రేరేపించి, విరాళములు సమకూర్చి, ఆ కొరతను దీర్ప బూనిరి.

హాస్టలు వట్టి భోజనశాల గాలేదు. అందొక మంచి గ్రంథాలయము పెరిగినది. 1924 ప్రాంతమున శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణ భారమును వహించిరి. వారే 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1939లో రెడ్డిగారి జీవితచరిత్రమును రచించిరి. ఉర్దూ బడులలో చదువుకొను బాలురకు హాస్టలులో మాతృభాషాభిమానమును, దేశజ్ఞానమును అలవడినవి.

ఇందొక చిత్రము గలదు. రెడ్డిగారు నిజాము ప్రభువునకు విశ్వాసపాత్రులైన యధికారి. కాని ఆ హాస్టలు నీడను పెరిగిన యువకులందరును ప్రభుభక్తులు గాలేదు. వారిలో నొకరైన రావి నారాయణరెడ్డిగారు పిదప నిజాము పాలనపై సాగిన తెలంగాణ పోరాటమునకు నాయకులై, 1952 ఎన్నికలలో నల్లగొండనుండి లోకసభకు గొప్ప యాధిక్యముతో నెన్నికైరి. పెద్దలు పిల్లలకు నీడ నీయవలయునే కాని, వారు నడువవలసిన దారిని తామే నిర్ణయింపరాదని యీ దృష్టాంతము మనకు బోధించుచున్నది. వృక్షము నీడనిచ్చును, బాటసారి యే యూరికి బోవునో యడుగదు.

వేంకటరామారెడ్డిగారు 1953 జనవరిలో, ఎనుబదిమూడేండ్ల వయస్సున, దివంగతులైరి. మరుసటి సంవత్సరమే నారాయణగూడలో వారి పేర మహిళా కళాశాల వెలసినది. తెలంగాణ పోలీసు అకాడమీ సయితము వారి పేరనే వ్యవహరింపబడుచున్నది.

దాతలైన మహాశయులకు మా విన్నప మొక్కటి. మనము పసిపిల్లల పోషణకు సులభముగా ద్రవ్యమిత్తుము. పండితులైనవారిని సులభముగా సన్మానింతుము. నడుమనున్న పదునెనిమిదేండ్ల యువకుని, యువతిని మరచుచున్నాము. అనాథాశ్రమము దాటినవానికి అద్దెగది యిప్పించు వారు లేరు. చదువు ముగిసినవానికి తొలి యుద్యోగమునకు పూచీపడువారు లేరు. రెడ్డిగారికి పదునేడవ యేట నొకరు పూచీపడిరి. వారు వందలమందికి పూచీపడిరి. మనలో బ్రతి కుటుంబము ఒక్కరికైన నట్లు నిలిచినచో, కులము, గోత్రము విచారింపకయే నిలిచినచో, ఈ మహాసభ సార్థకమగునని మేము విశ్వసించుచున్నాము.