విలియం ఫార్: సామాన్యుని పేరును నిలిపిన లెక్కల ఋషి

రాజులకు వంశచరిత్రలు కలవు. వానిని వ్రాయుటకు పండితులును, పాడుటకు వందిమాగధులును ఉందురు. కాని కూలివాని ముత్తాత పేరు ఎవరికి గుర్తుండును? తర్పణమున చెప్పుకొను మూడు తరములతో సామాన్యుని జ్ఞాపకము ముగియును. ఇంగ్లండు దేశమున మాత్రము 1837వ సంవత్సరము నుండి గనిలో పనిచేయువాడును, ఇంటి పనికత్తెయు, పురిటిలోనే కన్నుమూసిన పసిబిడ్డయు పేరుతో సహా ప్రభుత్వ గ్రంథములకెక్కిరి. నేడు తమ పూర్వులెవరో తెలిసికొనగోరు బ్రిటిషు సంతతివారికి ఆ గ్రంథములే ప్రధానాధారములు. ఆ లెక్కల సేవలో నలువది సంవత్సరములు గడపి, వానిచే లోకమునకు మేలు చేయించిన మహనీయుడు విలియం ఫార్.

ఫార్ 1807 నవంబరు 30వ తేదీన ష్రాప్‌షైరు మండలమందలి కెన్లీ గ్రామమున నిరుపేద కుటుంబమున జన్మించెను. తండ్రి పొలముపని చేసి బ్రతుకువాడు. డోరింగ్టన్ గ్రామమున జోసెఫ్ ప్రైస్ అను సంపన్నుడు ఈ బాలుని బుద్ధిసూక్ష్మతను గుర్తించి చేరదీసి చదివించెను. 1828లో మరణించుచు 500 పౌనుల ధనమును అతనికి వ్రాసి ఇచ్చెను. ఆ ధనముతో ఫార్ పారిస్ నగరమునకు పోయి రెండేండ్లు వైద్యము నభ్యసించెను. రోగములను అంకెలతో పరిశీలించు నూతన పద్ధతి ఆనాడు ఆ నగరమున ప్రబలుచుండెను. అతడు స్వదేశమునకు వచ్చి 1832లో వైద్యము చేయుటకు అనుమతి పొంది లండనులో వృత్తి నారంభించెను. రాబడి స్వల్పము. 1833లో వివాహమాడిన భార్య నాలుగేండ్లకే క్షయరోగమున మరణించెను. రోగములు ఎవరిని, ఎచ్చట, ఏ వయస్సున కబళించుచున్నవో తెలిసికొనవలెనను తపన గల వైద్యునికి ఇంతకన్న గొప్ప దుఃఖము వేరొకటి ఉండదు.

ఆ 1837లోనే, జూలై 1వ తేదీన, ఇంగ్లండు, వేల్సులలో జనన వివాహ మరణములను ప్రభుత్వమే నమోదు చేయు శాసనము అమలులోనికి వచ్చెను. అంతకుముందు 1538 నుండి చర్చి పెద్దలు గ్రంథములు ఉంచుచునే యుండిరి. అయితే వానిలో నుండునది జ్ఞానస్నానము, వివాహము, ఖననము మాత్రమే. ఆ చర్చికి చెందని వారి సంగతి తరచు అందు చేరదు. కొత్త శాసనము మతభేదము పాటింపలేదు. జనన పత్రమున తండ్రి పేరు, వృత్తి, తల్లి పుట్టింటి పేరు. వివాహ పత్రమున వధూవరుల వయస్సు, నివాసము, ఇరువురి తండ్రుల పేర్లు, వృత్తులు. మరణ పత్రమున వయస్సు, వృత్తి, మరణకారణము వ్రాయబడెను. మూడు నెలలకొకసారి వాని నకళ్లు లండనులోని ప్రధాన కార్యాలయమునకు చేరుచుండెను. 1839 నాటికి ఫార్ ఆ కార్యాలయమున సంగ్రహలెక్కలు కూర్చు ఉద్యోగమున ప్రవేశించెను.

అచ్చట అతడు చేసిన మొదటి పని మరణకారణములకు నిశ్చితమైన పేర్లు ఏర్పరచుట. ఒకే రోగమునకు ఊరికొక పేరున్నచో లెక్క కుదురునా? అందుచేత రోగములను తరగతులుగా విభజించి వైద్యులకు పట్టికలు అందజేసెను. పిదప మరణములను జనాభాతో పోల్చి ఆయుర్దాయ పట్టికలు రచించెను. సర్రే మండలమున పుట్టిన శిశువుకు సగటు ఆయువు 45 ఏండ్లు కాగా, లండనులో 37, లివర్‌పూలులో 26 మాత్రమే అని అతడు నిరూపించెను. ఇది విధి వ్రాత కాదు, మురికివాడల ఫలితమని ఆ అంకెలు చాటెను.

జనాభా లెక్కలయందును ఫార్ కృషి గణనీయము. 1801 నుండి ఆ దేశమున లెక్కలు జరుగుచున్నను, ప్రతి మనిషి పేరును దేశమంతట వ్రాసినది 1841లోనే. అప్పుడును పెద్దల వయస్సును అయిదేండ్ల మెట్లకు తగ్గించి వ్రాసిరి. 1851లో ఫార్ సహాయ కమీషనరుగా నుండగా, సరియైన వయస్సు, ఇంటి యజమానితో బంధుత్వము, పుట్టిన ఊరు చేర్చబడెను. 1861లో సహాయ కమీషనరుగను, 1871లో కమీషనరుగను అతడు పనిచేసెను. వంశమును వెదకువాడు నేటికిని ఈ మెట్లమీదనే ఎక్కును. జనాభా లెక్కలోని వయస్సును, ఊరును బట్టి జనన పత్రము దొరకును. అందలి తల్లి పుట్టింటి పేరును బట్టి వివాహ పత్రము. అందలి తండ్రుల పేర్లను బట్టి మరియొక తరము.

మహనీయులకును పొరపాట్లు కలవు. 1849 నాటి కలరా మరణములను పరిశీలించి, పల్లపు ప్రాంతముల చెడుగాలియే రోగకారణమని ఫార్ తలచెను. కారణము నీరని డాక్టరు జాన్ స్నో వాదించెను. ఆ వాదమును తాను నమ్మకున్నను, ఫార్ అతనికి తన కార్యాలయపు వివరములు దాచక అందజేసెను. 1866లో తూర్పు లండనున కలరా చెలరేగి వేలమంది మరణింపగా, ఫార్ తన లెక్కలనే మరల శోధించి, కలుషితమైన నీటి సరఫరాయే మూలమని తేల్చి ప్రకటించెను. అప్పటికి స్నో మరణించి ఎనిమిదేండ్లు గడచెను. తన పూర్వాభిప్రాయమును తన లెక్కలతోనే ఖండించుకొనుటకు ఎంతటి సత్యనిష్ఠ కావలెను!

ఫ్లారెన్సు నైటింగేలు సైనికుల ఆరోగ్యమునకై సాగించిన ఉద్యమమున లెక్కల భారము ఎక్కువగా ఫార్ వహించెను. భారతదేశమందలి సైన్యపు ఆరోగ్యస్థితిని విచారించిన రాజకీయ సంఘమున అతడొక సభ్యుడు. ఇచ్చటి బ్రిటిషు సైనికులు ఏటేట వేయింటికి 69 మంది మరణించుచున్నారని 1863లో ఆ సంఘము వెల్లడించెను.

1879లో కార్యాలయాధిపతి పదవి ఖాళీ కాగా, నలువది ఏండ్ల సేవ చేసిన ఫార్‌కే అది దక్కునని పలువురు తలచిరి. ప్రభుత్వము వేరొకనిని నియమించెను. ఫార్ మరుసటి ఏట ఉద్యోగము విడిచి, 1883 ఏప్రిల్ 14వ తేదీన కీర్తిశేషుడయ్యెను. 1885లో అతని రచనలు ఒక గ్రంథముగా వెలువడెను.

కాగితము మనిషివలెనే నశించునది. ఇంగ్లండు, వేల్సుల 1931 జనాభా లెక్కల ప్రతులు 1942లో అగ్నికి ఆహుతి అయ్యెను; యుద్ధము కారణమున 1941లో లెక్కలే జరుగలేదు. అట్టి ఖాళీలను చూచినప్పుడే మిగిలిన గ్రంథముల విలువ బోధపడును. 1921 నాటి లెక్కలు నూరేండ్ల పిమ్మట 2022లో ప్రజలకు తెరువబడగా, మనుమలు తాతలను వానియందు దర్శించిరి.

ఆ శాసనమునకు ముప్పదేండ్లు ముందు పుట్టిన ఫార్ జననము ప్రభుత్వ గ్రంథములలో లేదు. మరణము మాత్రము కలదు. కూలివాని కుమారుడు వేలాది కూలివారి పేర్లకు అర్థము కల్పించి, చివరకు వారి నడుమనే ఒక పంక్తియై నిలిచెను. భద్రముగా దాచిన పుస్తకము మృతులను సైతము మరల పలికించునని అతని జీవితము తెలుపుచున్నది.