తన పుస్తకాన్ని తానే నిషేధించిన ముఖ్యమంత్రి

మన ఊళ్లలో ఎవరు ఏ కండువా కప్పుకున్నా ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో నిమిషాల్లో తెలిసిపోతుంది. మొన్న మా ఇంట్లో భోజనాల దగ్గర అలాంటి వాదనే ముదిరి, రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. ఇద్దరినీ పిలిచింది నేనే కాబట్టి ఆ బాధ నాకే ఎక్కువ. ఆ సంగతి చెబితే మా పక్కింట్లో ఉండే పెషావర్ పెద్దావిడ నవ్వి, వాళ్ల వైపు ఇంతకంటే పెద్ద కథ ఉందంటూ ఖాన్ అబ్దుల్ ఖయ్యూం ఖాన్ పేరు చెప్పారు. నేను చదివింది కెమిస్ట్రీ. అయినా ఆసక్తి కలిగి ఆయన గురించి చదివాను.

ఆయన 1901లో చిత్రాల్‌లో పుట్టారు. పూర్వీకులది కశ్మీర్. అలీగఢ్‌లోనూ, లండన్‌లోనూ చదివి బారిస్టర్ అయ్యారు. 1937లో ఢిల్లీ కేంద్ర శాసనసభకు వెళ్లి, అక్కడ కాంగ్రెస్ పక్షానికి ఉపనాయకుడయ్యారు. మనం సరిహద్దు గాంధీ అని పిలుచుకునే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌కు అప్పుడు ఆయన అనుచరుడు. పఠాన్ల సరిహద్దు మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసి, 1945లో అచ్చు వేయించారు. అందులో గఫార్ ఖాన్‌నూ, ఆయన అన్న డాక్టర్ ఖాన్ సాహెబ్‌నూ మెచ్చుకున్నారు.

అదే ఏడాది ఖయ్యూం కాంగ్రెస్ వదిలి ముస్లిం లీగ్‌లో చేరారు. 1946 ఎన్నికల్లో వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోని 50 స్థానాల్లో కాంగ్రెస్‌కు 30, లీగ్‌కు 17 వచ్చాయి. డాక్టర్ ఖాన్ సాహెబ్ ప్రభుత్వం నిలబడింది. కానీ పాకిస్తాన్ ఏర్పడిన వారంలోనే, 1947 ఆగస్టు 22న, దాన్ని రద్దు చేశారు. సభలో మెజారిటీ లేకపోయినా ఖయ్యూం ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ తర్వాత జరిగింది చదివినప్పుడు నా మనసు బరువెక్కింది. ఒకప్పుడు తాను పొగిడిన మనుషులనే ఆయన జైళ్లలో పెట్టించారు. 1948 ఆగస్టు 12న చార్సద్దా దగ్గర బాబ్రాలో గుమికూడిన ఖుదాయీ ఖిద్మత్‌గార్ల మీద కాల్పులు జరిగాయి. చనిపోయింది సుమారు 15 మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది. 600 మందికి పైగానే అని వాళ్లంటారు. అధికారంలోకి వచ్చాక తన సొంత పుస్తకాన్ని కూడా ఆయన నిషేధించారు. పాత పార్టీని మర్చిపోవడం తేలికే, కానీ తన చేత్తో రాసిన అక్షరాలు ఎదురుగా ఉంటే ఊరుకోలేరు కదా!

ఇంకోవైపు మంచి కూడా చెప్పాలి. 1950లో పెషావర్ విశ్వవిద్యాలయం ఆయన హయాంలోనే మొదలైంది. అదే ఏడాది వచ్చిన కౌలు చట్టంతో కొందరు కౌలుదార్లకు భూమి మీద హక్కు దక్కింది. అభిమానులు ఆయన్ను సరిహద్దు సింహం అనేవారు. 1953 వరకు ముఖ్యమంత్రిగా ఉండి, తర్వాత కేంద్రంలో మంత్రి అయ్యారు.

అయూబ్ ఖాన్ కాలంలో ఆయన వంతు వచ్చింది. ఎంతోమందిని జైలుకు పంపిన ఆయనే జైలుకు వెళ్లారు. లీగ్ ముక్కలయ్యాక తన పేరుతోనే ఒక లీగ్ నడిపి, 1970లో జాతీయ సభలో 9 సీట్లు గెలిచారు. 1972లో భుట్టో ప్రభుత్వంలో హోంమంత్రి అయ్యారు. ఆయన ఆ పదవిలో ఉండగానే, 1975లో, గఫార్ ఖాన్ కొడుకు వలీ ఖాన్ పార్టీని నిషేధించారు. 1977తో ఆయన రాజకీయం దాదాపు ముగిసింది. 1981 అక్టోబరులో కన్నుమూశారు.

పార్టీ మారడమే తప్పని నేను అనలేను. మనిషికి అభిప్రాయం మారుతుంది. మారాక, పాత గూటిలో మిగిలినవాళ్లతో ఎలా ఉన్నాడన్నదే నాకు ముఖ్యంగా తోచింది. నాయకులకే కాదు, మనకూ అదే లెక్క. అందుకే ఆ రెండు కుటుంబాలకూ నిన్న మళ్లీ ఫోన్ చేశాను. ఈ ఆదివారం పులిహోర, గుత్తి వంకాయ చేస్తున్నాను. ఒకరు వస్తామన్నారు. రెండోవారు చూస్తామన్నారు. ఇద్దరికీ కలిపే వండుతాను.