భాగవత చరితములకు అంకితమైన సరస్వతీపుత్రుడు

భగవంతుని కథ చెప్పుట ఎట్లు కైంకర్యమో, ఆయనను కొలిచినవారి కథ చెప్పుటయు అట్లే కైంకర్యమని మన పెద్దలు తలచిరి. కడప మండలమున జమ్మలమడుగు చెంతనున్న గండికోటలో మాధవరాయస్వామి ఆలయమును చూచువారికిని, పులివెందులలో శ్రీరంగనాథుని సేవించువారికిని ఈ మాట తెలియకపోదు. గోపురము కన్నులకు కనబడును. దానిని నిలిపిన కాలము కనబడదు. అట్టి కాలమును తెలుగువారి కన్నులకు కట్టించిన మహనీయులు శ్రీ పుట్టపర్తి నారాయణాచార్యులవారు. ప్రొద్దుటూరు వారి కర్మభూమి.

ఆచార్యులవారు 1914 మార్చి 28వ తేదీన అనంతపురము జిల్లా చియ్యేడు గ్రామమున శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసాచార్యులు. శ్రీకృష్ణదేవరాయలకు గురువులైన తాతాచార్యుల వంశము వారిదని ప్రసిద్ధి. మొదట వారి యింటిపేరు తిరుమలవారు. చిత్రావతీ తీరమందలి పుట్టపర్తిలో పూర్వులు నివసించుటచే పుట్టపర్తివారైరి.

వారి బాల్యము పెనుగొండలో గడచెను. 1565లో రక్కసి తంగడి యుద్ధమున రాయల సైన్యము ఓడిన పిమ్మట తిరుమలరాయలు రాజధానిగా చేసికొనిన దుర్గమది. శిథిలమైన ఆ కోటగోడల నడుమ పెరిగిన బాలుని హృదయమున గతవైభవము గాఢముగ నాటుకొనెను. పండ్రెండేండ్ల ప్రాయముననే వారు ‘పెనుగొండలక్ష్మి’ అను కావ్యమును రచించిరి. తరువాత వారు విద్వాన్ పరీక్షకు చదువునప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథముగా ఎదురగుట సాహిత్యలోకమున తరచుగా చెప్పుకొను విశేషము.

పెనుగొండలో ఒక ఆంగ్ల అధికారి భార్యయగు పిట్ దొరసాని వద్ద ఆంగ్ల సాహిత్యమును, తిరుపతి సంస్కృత కళాశాలలో సంస్కృతమును అభ్యసించిరి. ప్రాకృతము, కన్నడము, తమిళము, మలయాళము, మరాఠీ, హిందీ మున్నగునవి చేర్చి పదునాలుగు భాషలు వారికి వశమయ్యెను. ఏ భాష నేర్చినను ఆ భాషలోని భక్తుల జాడ వెదకుట వారి స్వభావము.

విద్య ఎంత యున్నను జీవితము సుఖముగ సాగలేదు. ప్రొద్దుటూరులో తెలుగు పండితులుగా ఉద్యోగించిరి. తిరువాన్కూరులో నిఘంటు నిర్మాణమున పాల్గొనిరి. ఢిల్లీలో సాహిత్య అకాడమీ గ్రంథాలయమున పనిచేసిరి. ఎచ్చటను స్థిరముగ నిలువలేదు. మనస్సు అశాంతితో నిండి హిమాలయ ప్రాంతములందు సంచరించుచుండగా, ఋషీకేశమున స్వామి శివానందులవారు వారి పాండిత్యమును మెచ్చి ‘సరస్వతీపుత్ర’ బిరుదము నొసగిరి. తుదకు కడప సీమకే మరలివచ్చిరి. ఈ ఒడుదొడుకులలో ధర్మపత్ని కనకమ్మగారు తోడునీడయై నిలిచిరి. ఆమెయు కవయిత్రియే.

పరమవైష్ణవులైనను వారికి భేదబుద్ధి లేదు. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయమున ‘శివతాండవము’ రూపొందెను. లయబద్ధమైన ఆ కావ్యమును ఆచార్యులవారు స్వయముగ గానము చేయుచుండగా విన్నవారు పులకించిపోయెడివారు.

చరిత్ర రచనలో వారి మార్గము ప్రత్యేకమైనది. ‘రాయలనాటి రసికతా జీవనము’న వారు యుద్ధముల పట్టికతో తృప్తిపడక, ఆనాటి జనుల అభిరుచులను, కళలను, జీవనరీతిని కావ్యముల ఆధారముతో చిత్రించిరి. పండితులకే పరిమితమైన విషయము దీనివలన సామాన్య పాఠకునికి చేరువయ్యెను.

అయితే రాజుల వైభవమును అంతగ ప్రేమించినవారే ఆ వైభవము నిలువదనియు ఎరిగిరి. బాల్యమున చూచిన పెనుగొండ శిథిలములే వారికి ఆ పాఠము నేర్పినవేమో! కోటలు కూలినను భక్తుల నామములు కూలలేదు. అందుకే కాబోలు, వారి లేఖిని క్రమముగ మహాత్ముల వైపు మరలెను. తులసీదాసుని జీవితమును ‘సాక్షాత్కారము’గను, పాండురంగని భక్తుల కథలను ద్విపదలో ‘పండరీ భాగవతము’గను రచించిరి. ‘సమర్థ రామదాసు’ను గూర్చి వ్రాసిరి. ధర్మానంద కోశాంబి మరాఠీలో రచించిన బుద్ధ భగవానుని చరిత్రను తెనిగించిరి. పరమతాచార్యుని జీవితమును సైతము ఆదరముతో అందించుట వారి విశాల హృదయమునకు నిదర్శనము.

తుదకు ఆ వాణి శ్రీమన్నారాయణుని పాదములనే చేరెను. శ్రీవేంకటేశ్వరుని కథను ‘శ్రీనివాస ప్రబంధము’గను, శ్రీరాముని కథను ‘జనప్రియ రామాయణము’గను తీర్చిరి. జనులకు ప్రియము కావలెనను కోరిక ఆ గ్రంథము పేరులోనే యున్నది. 1972లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించెను. 1990 సెప్టెంబరు 1వ తేదీన ఆచార్యులవారు పరమపదించిరి.

రాజవైభవముతో మొదలై రామకథను చేరిన జీవితము వారిది. యాత్రికులు ఆలయమున శిథిల స్తంభమును చూచినప్పుడు, దాని నీడలో నిలిచి స్వామిని కొలిచిన వారెవరో ఒక్క క్షణము తలచినచో, ఆచార్యులవారి శ్రమ ఫలించినట్లే. భాగవతులను స్మరించుటయు భగవత్సేవయే కదా!