నీటి నడక తెలిసిన మోక్షగుండం

ప్రొద్దుటూరు వీధుల్లో ఏ మిద్దె చూసినా పైన నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. పైన ఎందుకు పెట్టారని అడిగితే చిన్నపిల్లలు కూడా చెబుతారు. ట్యాంకు వెడల్పు ఎంతన్నది కాదు, నీటి మట్టం ఎంత ఎత్తున ఉందన్నదే ఒత్తిడిని నిర్ణయిస్తుంది. పది మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు మోపుతుంది. ఈ ఒక్క సూత్రాన్ని జీవితమంతా పనిలో పెట్టిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. సూత్రాలు నేను తరగతిలో నేర్చుకున్నా, వాటి విలువ తెలిసింది మాత్రం ఆయన జీవితం చదివాకే.

ఆయన పూర్వీకులది మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో బి.ఏ., పూనాలో ఇంజనీరింగు ముగించి 1884లో బొంబాయి ప్రభుత్వంలో సహాయ ఇంజనీరుగా చేరారు.

తొలి రోజుల్లోనే ధూళే దగ్గర పాంఝరా నది కింద గొట్టపు సైఫను వేసే పని అప్పగించారు. కాలువకు నది అడ్డొస్తే నీటిని గొట్టంలో కిందికి దింపి, అవతల గట్టుకు ఎక్కించాలి. నీరు పైకి ఎలా ఎక్కుతుందంటారా? ఇవతలి మట్టం అవతలి మట్టం కన్నా ఎక్కువుంటే చాలు, ఒత్తిడే నెడుతుంది. కాకపోతే గొట్టం గోడల రాపిడికి కొంత ఎత్తు ఖర్చవుతుంది. ఆ ఖర్చుకు ముందే లెక్క కట్టకపోతే అవతల చుక్క రాదు. వానలు అడ్డొచ్చినా ఆయన ఆ పని పూర్తి చేశారు.

పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో సమస్య వేరు. వానాకాలంలో మిగులు నీరు పొర్లిపోయేది, ఆ తరువాత కొరత వచ్చేది. ఆయన 1903 ప్రాంతంలో అక్కడ తనంతట తానే తెరుచుకునే గేట్లు పెట్టించారు. గేట్లకు సమతూకంగా కట్టిన బరువులు బావుల్లో ఉంటాయి. నిండు మట్టం దాటిన నీరు బావిలోకి చేరితే, మునిగిన బరువు తేలికై తూకం మారుతుంది, గేట్లు తెరుచుకుంటాయి. మట్టం తగ్గితే మళ్లీ మూసుకుంటాయి. దీంతో నిల్వ మట్టం సుమారు 8 అడుగులు పెరిగింది. నీటి పనిని నీటి చేతనే చేయించడమంటే ఇదే!

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేల ప్రాణాలు తీసింది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలుపుపై వచ్చిన విశ్వేశ్వరయ్య నగరంతోనే ఆగక నది పైభాగమంతా పరిశీలించారు. అక్కడున్న 788 చెరువుల్లో 221 తెగినట్లు తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీటి బరువంతా కింది చెరువు కట్ట మీద పడుతుంది, అదీ తెగుతుంది. గోడలు కట్టినంత మాత్రాన నగరం బతకదని, వరదను పైనే పట్టి నది మోయగలిగినంతే వదలాలని ఆయన సూచించారు. ఆ ఆలోచన ఫలితమే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్.

తరువాత మైసూరులో చీఫ్ ఇంజనీరుగా, 1912 నుంచి 1918 దాకా దివానుగా పనిచేశారు. 1911లో మొదలైన కృష్ణరాజసాగరం ఆయన కృషికి గుర్తు. 1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్లు దాటి కన్నుమూశారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 15ను మనం ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం.

పూలదండ వేసి ఊరుకుంటే సరిపోదు మిత్రులారా. జమ్మలమడుగు పక్కన పెన్నపై మైలవరం ఆనకట్ట ఉంది. పులివెందుల చీనీ తోటల్లో డ్రిప్పు గొట్టాలున్నాయి. తోట చివరి చెట్టుకు నీరెందుకు తగ్గిందని రైతు అడిగితే, మట్టం కొలిచి, రాపిడి లెక్కకట్టి జవాబు చెప్పగలగాలి. ఊరి చెరువు కట్ట పదిలంగా ఉందో లేదో వానలకు ముందే చూసి చెప్పగలగాలి. పరీక్షలో రాసిన సూత్రం అప్పుడే మన సొంతమవుతుంది.